పిల్లలతో ఇంట్లో ఆటపిండి: పదేపదే వచ్చే సందేహాలు, జవాబులు

ఒడిశాలో బరంపురం నుంచి జయపురం దాకా తెలుగిళ్ళలో ఆటపిండి చేసేవాళ్ళు అడిగేవి దాదాపు ఒకే ప్రశ్నలు. ముద్ద చేతికి అంటుకుపోతోంది, నాలుగు రోజులకే బూజు పట్టింది, క్రీమ్ ఆఫ్ టార్టార్ ఎక్కడా దొరకలేదు, గుంటడు నోట్లో పెట్టేసుకున్నాడు. అవన్నీ ఇక్కడ ఒకచోట చేర్చాం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు. కప్పు అంటే 240 మి.లీ., పెద్ద చెంచా అంటే 15 మి.లీ., చిన్న చెంచా అంటే 5 మి.లీ.

## మొదలుపెట్టే ముందు

ఆటపిండి, కొట్లో అమ్మే ప్లే-డో, క్లే అన్నీ ఒకటేనా?

కాదు. ఇంట్లో చేసేది మైదా, ఉప్పు, నీళ్ళు, నూనె, కాస్త పులుపు కలిపి ఉడికించిన మెత్తటి ముద్ద. ప్లే-డో కూడా గోధుమ పిండి రకమే. అమెరికాలోని సిన్సినాటిలో బొగ్గు పొగకు మసిబారిన గోడ కాగితాలను తుడవడానికి ఒక ముద్ద తయారుచేసేవారు. అదే 1956లో పిల్లల ఆటవస్తువుగా బజారుకు వచ్చింది. క్లే పేరుతో కడ్డీల్లా అమ్మేవి చాలావరకు నూనె, మైనం కలిపినవి. అవి ఎండిపోవు కానీ చలికి గట్టిపడతాయి, రెండేళ్ళ పిల్లల వేళ్ళకి లొంగవు. ఆ వయసుకి ఇంటి ముద్దే నయం.

ఎన్నేళ్ళ పిల్లలకి ఇవ్వొచ్చు?

రెండేళ్ళు నిండాక, అదీ పెద్దవాళ్ళు పక్కన కూర్చుంటేనే. అంతకన్నా చిన్నవాళ్ళకి ప్రతిదీ నోటికే పోతుంది. రెండేళ్ళవాళ్ళు వేలితో పొడుస్తారు, అరచేత్తో అణుస్తారు, తుంచుతారు. మూడేళ్ళకి పాములు చేస్తారు. రెండు అరచేతుల మధ్య తిప్పి లడ్డూలాంటి ఉండ చేయడం సాధారణంగా నాలుగో ఏడు దగ్గర కుదురుతుంది. మీ పిల్ల ఒక ఆర్నెల్లు అటూ ఇటూ అయినా కంగారు పడక్కర్లేదు.

అన్నీ వంటింటి సరుకులేగా, తిన్నా ఏం కాదు కదా?

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. విషం కాదన్నది నిజమే, కానీ అది తిండి కూడా కాదు, ఎందుకంటే అందులో ఉన్న ఉప్పు అంతా ఇంతా కాదు. ఒక కప్పు మైదాకి అర కప్పు ఉప్పు వేస్తే, ఉడికాక ముద్ద సుమారు 450 గ్రాములు తూగుతుంది. అందులో 140 గ్రాములు ఉప్పే. అంటే నిమ్మకాయంత ముద్దలో, 30 గ్రాముల్లో, దాదాపు 9 గ్రాముల ఉప్పు. పెద్దవాళ్ళకే రోజుకి 5 గ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. గోరంత ముక్క నాలుకకి తగిలితే ఉప్పదనానికి పిల్లలే ఉమ్మేస్తారు. నోరు కడిగించి మంచినీళ్ళు ఇస్తే చాలు. ఉండకు ఉండ మింగేసినా, వాంతులు ఆగకపోయినా, దాహం తీరకపోయినా, మత్తుగా తూలుతున్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. 108కి ఫోన్ చేయొచ్చు. కక్కించడానికి ఉప్పునీళ్ళు పట్టే పాత అలవాటు ఒకటుంది. ఇక్కడ అది నిప్పు మీద నూనె పోసినట్టే, అస్సలు వద్దు.

పచ్చి మైదాతోనే కలిపి ఇచ్చేయొచ్చుగా, ఉడికించడం ఎందుకు?

రెండు కారణాలు. మిల్లులో ఆడించిన పిండి పచ్చి సరుకే. అందులో ఈ-కొలై, సాల్మొనెల్లా లాంటి క్రిములు ఉండే వీలుంది, పిల్లల చేతులు నోటికి పోతూనే ఉంటాయి. రెండోది ముద్ద గుణం. వేడి 60 డిగ్రీలు దాటాక పిండిలోని గంజి నీళ్ళు పీల్చుకుని ఉబ్బుతుంది, అప్పుడే నున్నటి ముద్ద వస్తుంది. పచ్చిది మొదటిరోజు బాగానే ఉంటుంది. రెండోరోజుకి నీరు వదిలి జిగటగా తయారవుతుంది, తొందరగా పులుస్తుంది.

మా చిన్నదానికి గోధుమ పడదు. వేరే దారి ఉందా?

ఉంది. బియ్యప్పిండి అర కప్పు, కార్న్‌ఫ్లోర్ అర కప్పు, మెత్తటి ఉప్పు అర కప్పు, నీళ్ళు ఒక కప్పు, నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) అర చిన్న చెంచా, నూనె ఒక చిన్న చెంచా. అన్నీ చల్లగా ఉండగానే కలిపి సన్నటి సెగ మీద తిప్పాలి. మొండా పిఠాకి (ఒడియా ఇళ్ళలో చేసే కుడుముల్లాంటి పిండివంట) పిండి ఉడికించడం చేతనైనవాళ్ళకి ఇది కొత్త కాదు, అదే చేయి. సాగే గుణం తక్కువ కాబట్టి పొడవాటి పాములు విరుగుతాయి, ఉండలు, అచ్చులు మాత్రం చక్కగా వస్తాయి. బియ్యప్పిండి గోధుమ ఆడించిన మరలోనే ఆడించి ఉంటే లాభం లేదు, ఇంట్లో మిక్సీ పట్టుకోండి. బడిలో ఇచ్చే ప్లే-డోలోనూ గోధుమ ఉంటుందని టీచరుకి చెప్పి ఉంచండి.

## సరుకులు, కొలతలు

ఒక్క ఇంటికి సరిపడా కొలత చెప్పండి.

మైదా 1 కప్పు (సుమారు 125 గ్రాములు), మెత్తటి ఉప్పు అర కప్పు (సుమారు 140 గ్రాములు), నీళ్ళు 1 కప్పు, నూనె 1 పెద్ద చెంచా, నిమ్మ ఉప్పు అర చిన్న చెంచా. ముగ్గురు పిల్లలకి తలా ఒక చిన్న నారింజంత ముద్ద వస్తుంది. మొదటిసారే రెండింతలు చేయకండి. ఎక్కువ పిండి అడుగంటకుండా తిప్పాలంటే భుజాలు పడిపోతాయి.

క్రీమ్ ఆఫ్ టార్టార్ గుణుపురంలో ఎక్కడా లేదు. అది లేకపోతే రాదా?

వస్తుంది. దాని పని పులుపు ఇవ్వడమే. పులుపు ఉంటే ముద్ద నున్నగా ఉంటుంది, బూజు కాస్త ఆలస్యమవుతుంది. కిరాణా కొట్టులో నిమ్మ ఉప్పు అడగండి, అర్థం కాకపోతే సిట్రిక్ యాసిడ్ అనండి. కప్పు మైదాకి అర చిన్న చెంచా చాలు. నిమ్మరసమైతే రెండు పెద్ద చెంచాలు పోసి, నీళ్ళలో అంతే తగ్గించాలి. తగ్గించడం మరిచిపోయి ముద్ద జారిందని మొత్తుకునేవాళ్ళే ఎక్కువ. చింతపండు పులుసు వద్దు, రంగు చెడుతుంది, పీచు తగులుతుంది.

గళ్ళుప్పు వేయొచ్చా?

గంజాం ఉప్పు మడుల నుంచి వచ్చే గళ్ళుప్పు చవకే, కానీ అలాగే వేస్తే ముద్ద నిండా ఇసుక. దాని వెనక ఒక లెక్క ఉంది. 100 మి.లీ. నీళ్ళలో కరిగేది 36 గ్రాముల ఉప్పే, నీళ్ళు మరిగించినా 39 దాటదు. కప్పు నీళ్ళలో 85, 90 గ్రాములకన్నా కరగదన్నమాట. మనం వేసే 140లో మిగిలినదంతా గింజలుగానే ఉండిపోతుంది. మెత్తటి ఉప్పయితే ఆ గింజ వేలికి తెలియదు, గళ్ళుప్పయితే గుచ్చుకుంటుంది. మిక్సీలో పొడి చేసి జల్లించుకుంటే గళ్ళుప్పూ పనికొస్తుంది. కోరాపుట్ వైపు చలికాలంలో, వారంలో వాడి పారేసే ముద్దకి మూడో వంతు కప్పు ఉప్పు సరిపోతుంది, దాదాపు అంతా కరుగుతుంది. తీరం దగ్గర, వానల్లో మాత్రం అర కప్పుకి తగ్గించొద్దు.

మా దగ్గర చోడిపిండి ఎక్కువ. దానితో అవుతుందా?

ఒక్క చోడిపిండితో అవదు. ఒడియావాళ్ళు మాండియా అనే ఈ పిండిలో గోధుమకుండే జిగురు లేదు, ముద్ద పగుళ్ళు తీస్తుంది. మూడు వంతుల్లో ఒక వంతు చోడిపిండి, రెండు వంతులు మైదా వేస్తే మట్టిరంగు ముద్ద వస్తుంది. ఏనుగు, ఆవు, చెట్టు మొద్దు చేయడానికి ఇంతకన్నా మంచి రంగు కొన్నా దొరకదు. ఇంట్లో వాడే గోధుమ పిండితో కూడా చేయొచ్చు. తవుడు ఉంటుంది గనక రెండు పెద్ద చెంచాల నీళ్ళు ఎక్కువ పడతాయి, రంగులు మసకగా వస్తాయి.

ఏ నూనె మంచిది?

వాసన లేనిది ఏదైనా. పొద్దుతిరుగుడు, తవుడు నూనె బాగుంటాయి. ఆవనూనె ఘాటు చేతికి పట్టేస్తుంది, కంట్లో పడితే మంట. కొబ్బరినూనె జయపురం చలికి గడ్డకట్టి ముద్దని గట్టిపరుస్తుంది.

మంచి వాసన కోసం, పురుగు రాకుండా కాస్త కర్పూరం కలపొచ్చా?

వద్దు. కర్పూరం కొద్దిగా కడుపులోకి పోయినా చిన్న పిల్లలకి ఫిట్స్ వస్తాయి. నీలగిరి తైలం, కలరా ఉండలు కూడా ప్రమాదమే. వెనిలా, చాక్లెట్ పొడి లాంటివీ వద్దు. తినే వాసన వస్తే తినమని మనమే పిలిచినట్టు. వాసన ఉండి తీరాలంటే చిటికెడు లవంగాల పొడి చాలు. స్లైమ్ కోసమని ఎవరైనా వెలిగారం చెబితే, అది చిన్నపిల్లల చేతిలో పెట్టే సరుకు కాదు.

## పొయ్యి దగ్గర

ఎలా ఉడికించాలి? ఎంతసేపు?

పొయ్యి వెలిగించకముందే అన్నీ కళాయిలో వేసి, ఉండలు లేకుండా దోసెల పిండిలా కలపండి. ఒకవేళ ఉండలు మిగిలితే జల్లెడలో వడగట్టేయండి. తరవాత సన్నటి సెగ. మొదటి రెండు నిమిషాలు ఏమీ జరగనట్టే ఉంటుంది, చాలామంది అక్కడే మంట పెంచి చెడగొట్టుకుంటారు. అడుగున మెత్తటి తరకలు కట్టడం మొదలవుతుంది, గరిటెతో అడుగు గీకుతూ ఉండాలి. ఉప్మాలా గరుగ్గా కనిపించి, అంతలోనే ఉన్నట్టుండి హల్వాలా గరిటె చుట్టూ చేరుతుంది. మొత్తం నాలుగైదు నిమిషాలు. కళాయి అంచులు వదిలేసి, పచ్చి తెల్లటి మెరుపు పోయి, చిటికెడు తీసి రెండు వేళ్ళ మధ్య నొక్కితే అంటుకోకుండా వచ్చిందా, దించేయండి. నూనె రాసిన పళ్ళెంలో వేసి తడిగుడ్డ కప్పి 15 నిమిషాలు ఉంచి, మూడు నాలుగు నిమిషాలు పూరీ పిండిలా మర్దించాలి. ఈ మర్దనతోనే నునుపు వస్తుంది, దించిన వెంటనే ఉండే గరుకు చూసి నిరాశపడొద్దు.

ఇందులో పిల్లలు చేయగల పని ఏముంది?

పొయ్యి తప్ప అన్నీ. కప్పుతో పిండి తీసి కత్తి వెనకతో కాదు, చెక్క స్కేలుతో అంచు సమం చేయడం, ఉప్పు పోయడం, నూనె చెంచాలు లెక్కపెట్టడం, చల్లటి పిండిని చేత్తో కలపడం వాళ్ళవే. ఉడికేటప్పుడు మాత్రం వంటగది గడప ఇవతల కూర్చోబెట్టండి. తిరిగి వాళ్ళ చేతికిచ్చే ముందు ముద్దని మధ్యకి విరిచి మీ మణికట్టు లోపలివైపు ఆనించి చూడండి. పైన గోరువెచ్చగా ఉన్నా లోపల ఆవిరి దాగి ఉంటుంది. ఆటపిండితో చేతులు కాలేది పొయ్యి దగ్గర కన్నా ఈ తొందరలోనే.

ఏ గిన్నెలో చేయాలి?

నాన్‌స్టిక్ లేదా మందపాటి స్టీలు. ఇనప కళాయిలో పులుపు తగిలి ముద్ద బూడిదరంగుకి తిరుగుతుంది. అల్యూమినియం దాకలో ఉప్పు, పులుపు కలిసి గుంటలు పెడతాయి. కుక్కర్ వద్దు, తిప్పడం కుదరదు.

చేతికి అంటుకుపోతోంది. ఇంకా మైదా కలపనా?

ముందు కలపొద్దు. అంటుకుంటోందంటే సాధారణంగా ఉడకలేదని. మళ్ళీ కళాయిలో వేసి సన్నటి సెగ మీద ఒక నిమిషం తిప్పి, చల్లార్చి చూడండి. పదిలో ఎనిమిదిసార్లు దాంతోనే తీరిపోతుంది. ఇంకా అంటుకుంటే అప్పుడు ఒక చిన్న చెంచా మైదా, మర్దించి చూసి మరో చెంచా. ఒక్కసారిగా గుప్పెడు వేస్తే పచ్చి పిండి మిగిలిపోయి, మరునాటికి మళ్ళీ జిగటే.

ముద్ద పొడిపొడిగా రాలిపోతోంది, పగుళ్ళు.

ఎక్కువ ఉడికింది, లేదా ఉప్పు కుప్పగా కొలిచారు. చేతులు తడి చేసుకుని మర్దించండి, నీళ్ళు నేరుగా పోయొద్దు. అరగంట తడిగుడ్డలో చుట్టి ఉంచితే తేమ లోపలికి పాకుతుంది. ఆ తరవాత అర చిన్న చెంచా నూనె. నూనె ముందే వేస్తే నీళ్ళు లోపలికి పోవు, ఈ వరస తప్పకూడదు.

అంగన్‌వాడీలో పొయ్యి దగ్గర అంతసేపు కుదరదు. వేరే పద్ధతి?

మైదా 2 కప్పులు, ఉప్పు ముప్పావు కప్పు, నూనె 2 పెద్ద చెంచాలు, నిమ్మ ఉప్పు 1 చిన్న చెంచా వెడల్పు గిన్నెలో కలిపి, సలసల మరిగే నీళ్ళు ఒకటిన్నర కప్పు పోసి చెక్క గరిటెతో వెంటనే తిప్పాలి. నీళ్ళు పొయ్యి దించిన క్షణంలోనే పోయాలి, రెండు నిమిషాలు ఆగితే పిండి సగమే ఉడుకుతుంది. కళాయిలో తిప్పినంత పూర్తిగా ఇది ఉడకదు కాబట్టి, నోట్లో పెట్టుకునే వయసు పిల్లలున్న చోట ఈ పద్ధతి ఎంచుకోకపోవడమే మంచిది.

## రంగులు

రంగోలి ముగ్గు పొడి, హోలీ రంగులు ఇంట్లోనే ఉన్నాయి. అవి వేసేస్తే?

అవి ఒంటికి, నోటికి పనికొచ్చేలా చేసినవి కావు. కుంకుమ, సిందూరం కూడా వద్దు, కొన్ని సిందూరాల్లో సీసం ఉంటుంది. మిఠాయిల్లో వేసే తినే రంగు, జెల్ అయితే చుక్క, పొడి అయితే చిటికెడు, నీళ్ళలోనే కలిపి ఉడికించండి. ఉడికాక కలిపితే మీ గోళ్ళకి మూడు రోజులు ఆ రంగే. తప్పకపోతే ముద్దలో గుంట చేసి రంగు వేసి మూసి, పాలిథిన్ సంచిలో పెట్టి పైనుంచి పిసకండి.

పెరటి రంగులు దేనితో వస్తాయి? మాకు ప్రతిసారీ మట్టిరంగే వస్తోంది.

పులుపూ వేడీ చేసే పని ఇది. ఒక్కో రంగుది ఒక్కో తీరు.

పసుపు అన్నిటికన్నా నమ్మకం. అర చిన్న చెంచా పసుపు నూనెలో కలిపి వేయండి. దీనికి సబ్బు, వంటసోడా తగిలితే ఎర్రబడుతుంది. నేల మీద పసుపు ముద్ద మరకని సబ్బుతో తుడిస్తే ఎర్రటి మచ్చ కనపడి భయపడతారు, నిమ్మచెక్క రుద్దితే మళ్ళీ పసుపే.

బీట్‌రూట్ రసం పొయ్యి మీద పోస్తే గోధుమరంగుకి పోతుంది. ముద్ద దించాక, గోరువెచ్చగా ఉన్నప్పుడు రెండు చిన్న చెంచాల రసం కలపండి. అయినా రెండు మూడు రోజులకి వెలిసిపోతుంది.

పాలకూర ఆకుపచ్చ పులుపుకి చనిపోతుంది, పాచిరంగు మిగులుతుంది. ఆకుపచ్చ కావాలంటే శంఖుపుష్పాల నీలంలో చిటికెడు పసుపు.

ఆ శంఖుపువ్వే అసలు విందు. ఒడియాలో అపరాజిత. నీలం పువ్వులు 15, 20 తొడిమలు తీసి కప్పు వేడినీళ్ళలో పది నిమిషాలు ఉంచి వడకట్టి, ఆ నీళ్ళతోనే ముద్ద చేయండి. ఇందులో మాత్రం నిమ్మ ఉప్పు వేయకండి. లేత నీలం ముద్ద వస్తుంది. పిల్ల చేతిలో చిన్న ముద్ద పెట్టి గుంట చేయించి, మూడు చుక్కల నిమ్మరసం వేయించండి. గుంట అంచు నుంచి ఊదారంగు పాకుతుంది. మడిచి పిసికితే నీలం, ఊదా చారలుచారలుగా కలుస్తాయి. పులుపు వేయని ముద్ద కాబట్టి మూడు రోజులకి మించి ఉంచకండి.

## ఆడేటప్పుడు

మావాడు ఏమీ చేయడు, ఊరికే నలిపి పడేస్తాడు. ఏం చేయించాలి?

నలపడమే ఆ వయసు పని. పిండడం, తుంచడం, గిల్లడం వల్ల వేళ్ళకి వచ్చే బలమే తరవాత పెన్సిల్ పట్టుకోవడానికి పనికొస్తుంది. మీరు పక్కన కూర్చుని అందమైన నెమలిని చేసి పెడితే పిల్లవాడు తన చేతులు తీసేసి "నువ్వే చెయ్యి" అంటాడు. మీరూ వాడిలాగే నలపండి. చపాతీ కర్ర, జంతికల గొట్టం, పాత దువ్వెన, సీసా మూతలు ఇచ్చి ఊరుకోండి. జంతికల గొట్టం పట్టుకున్న పిల్ల అరగంట లేవదు.

కాస్త పెద్దవాళ్ళకి రథయాత్ర రోజుల్లో చక్రాలు మంచి పని. పూరీలో జగన్నాథుడి నందిఘోషకి 16, బలభద్రుడి తాళధ్వజానికి 14, సుభద్ర దర్పదళనానికి 12. ఉండ చేసి అణిస్తే చక్రం, లెక్క దానంతటదే వస్తుంది.

ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. అక్షరాలకి ఇది పనికొస్తుందా?

బాగా పనికొస్తుంది, ఎందుకంటే రెండూ గుండ్రటి లిపులే. పెన్సిల్ కన్నా పిండి పాము వంచడం తేలిక. చూపుడువేలంత మందం, జానెడు పొడవు పాములు నాలుగు చేయించండి. సున్నాతో మొదలుపెట్టండి, రెండు లిపుల్లోనూ అది ఉంగరమే. తరవాత "ఠ" అక్షరం. ఒడియాలో అది ఉట్టి వలయం. అదే వలయం మధ్యలో చిన్న చుక్క, పైన తలకట్టు పెడితే తెలుగు ఠ. పిల్లలు తలకట్టు తీస్తూ పెడుతూ "ఇప్పుడు ఒడియా, ఇప్పుడు తెలుగు" అని ఆడతారు. ఒడియా అక్షరాల గొడుగు వంపుకీ మన తలకట్టు టిక్కుకీ తేడా కంటికన్నా ముందు చేతికి తెలుస్తుంది. అక్షరం తప్పు పోయిందని దిద్దడానికి దూకొద్దు. పామే కదా, వాళ్ళే వంచుకుంటారు.

బొమ్మ కళ్ళకి శనగలు, గురివింద గింజలు గుచ్చొచ్చా?

గురివింద అస్సలు వద్దు. ఎర్రగా ముద్దుగా ఉంటుంది కానీ గింజ విషం, నమిలితే ప్రాణం మీదికి వస్తుంది. శనగలు, బఠాణీలు ముక్కులో, చెవిలో దూరి తడికి ఉబ్బుతాయి. మూడేళ్ళ లోపు పిల్లలున్న ఇంట్లో గింజలు, పూసలు, గుండీలు ఏవీ వద్దు. వేరే రంగు ముద్దతోనే కళ్ళు పెట్టండి, లేదా పుల్లతో గుంట చేస్తే సరి.

చేతులు మండుతున్నాయని ఏడుస్తోంది.

గీరుకున్న చోట, గోరు పక్క చీలికలో ఉప్పు తగిలింది. మంచినీళ్ళతో కడిగి కొబ్బరినూనె రాయండి, గాయం మానేదాకా ఆట ఆపండి. గజ్జి, తామర ఉన్న పిల్లలకి కూడా అంతే.

కార్తీక పున్నమికి దీనితో పడవ చేసి వదలొచ్చా?

మునుగుతుంది, పైగా నీళ్ళలో కరిగి గంజిలా అవుతుంది. పడవ అరటి దొప్పతోనే చేయండి. అందులో కూర్చునే మనుషుల్ని ఆటపిండితో చేసి, ఇంట్లో బకెట్ నీళ్ళలో తేలించి ఆడించండి.

చాపలో, జుట్టులో ఇరుక్కుంది.

తడి పెట్టకండి, ఇంకా పాకుతుంది. చాపది పూర్తిగా ఎండనిచ్చి గట్టి బ్రష్‌తో దులపండి. జుట్టులోదైతే కాస్త నూనె రాసి దువ్వెనతో లాగి, తరవాత తలకి పోయండి.

## దాచడం, పారేయడం

ఎన్నాళ్ళు ఉంటుంది?

గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో, బయట వారం పది రోజులు, ఫ్రిజ్‌లో మూడు వారాల దాకా. జూన్ నుంచి సెప్టెంబరు మధ్య బరంపురం, గోపాల్‌పూర్ వైపు బయట ఉంచితే ఐదారు రోజులనే అనుకోండి. ఆటకి ముందు పిల్లల చేతులు కడిగిస్తే ఇంకా ఎక్కువ నిలుస్తుంది. బిస్కెట్ చేత్తో పిసికిన ముద్దే ముందు బూజు పడుతుంది. ఒకరికి జలుబు ఉంటే వాళ్ళ ముద్ద వేరుగా ఉంచి, ఆ రోజే పారేయండి. స్టీలు డబ్బా మూతలు ఉప్పుకి తుప్పు మచ్చలు పడతాయి.

పైన తెల్లగా ఏదో వచ్చింది. బూజా?

వేలితో రాసి చూడండి. గరగరలాడి, నీటి చుక్క వేస్తే కరిగిపోతే అది ఉప్పే, నీరు ఆరి పైకి తేలింది. తడిచేత్తో మర్దిస్తే పోతుంది. దూదిలా మెత్తగా ఉన్నా, ఆకుపచ్చ, నలుపు చుక్కలున్నా, పుల్లటి కంపు వస్తున్నా బూజు. ఆ భాగం గిల్లేసి మిగతాది వాడదామనుకోవద్దు, మొత్తం పారేయండి.

వానాకాలంలో డబ్బా తీస్తే ముద్ద చెమటలు పట్టి ఉంటోంది.

గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమని లాగి తనే నీరవుతుంది. మీ వంటకం తప్పేమీ లేదు. డబ్బా అడుగున మడిచిన నూలుగుడ్డ వేసి రోజూ మార్చండి. తీసినప్పుడు అర చెంచా మైదా అద్ది మర్దించండి. దీనికి భయపడి ఉప్పు తగ్గించారంటే చెమట బదులు బూజు వస్తుంది. చెమట తుడుచుకోవచ్చు.

చేసిన బొమ్మని ఎండబెట్టి దాచుకోవచ్చా?

ఈ ముద్దలో నూనె ఉంది, ఉడికింది కూడా. ఎండితే పగులుతుంది. దాచుకునే బొమ్మలకి వేరే ముద్ద: మైదా 2 కప్పులు, ఉప్పు 1 కప్పు, నీళ్ళు 1 కప్పు, నూనె లేదు, పొయ్యి లేదు. నీళ్ళు కొద్దికొద్దిగా పోసి గట్టిగా కలపాలి. వేలి మందం దాటకుండా చేసి, నీడలో రోజుకోసారి తిప్పుతూ మూడు నాలుగు రోజులు ఆరబెట్టండి. నేరుగా ఎండలో పెడితే పైపొర ముందు బిగిసి చీలుతుంది. ఇది పచ్చి పిండి గనక ఐదేళ్ళు దాటినవాళ్ళకే. ఆరాక రంగులేసి, వానలో చెమ్మ తగలకుండా డబ్బాలో బియ్యంతో పాటు ఉంచండి. ఆ బియ్యం వండుకోవద్దని ఇంట్లో అందరికీ చెప్పండి.

పాతది ఆవుకి పెట్టేస్తే?

పెట్టొద్దు. పిండి ముద్ద అంటే ఆవుకి పెట్టడమే మనకి అలవాటు, కానీ ఇందులో మూడో వంతు ఉప్పు. కుక్కలకి మరీ ప్రమాదం, ఒక ముద్ద మింగితే వాంతులు, వణుకు, ఫిట్స్ దాకా పోతుంది. తింటే వెంటనే పశువుల డాక్టరుకి చూపించాలి. సింకులో వేస్తే గొట్టం మూసుకుంటుంది, మొక్కల మొదట్లో వేస్తే ఉప్పుకి మొక్క మాడుతుంది. కాగితంలో చుట్టి మూత ఉన్న చెత్తబుట్టలోనే వేయండి.